పాత భవనం కప్పు విప్పే ముందు దూలాల కొసలు చూడండి

గుంటూరులోని మీ విశ్వవిద్యాలయపు పాత భవనం ప్రతి వానకూ కారుతోందని, మద్రాసు టెర్రస్ కప్పును పూర్తిగా తొలగించి ఆర్.సి.సి. శ్లాబు వేయాలన్న ప్రతిపాదన వచ్చిందని, అది తగిన పనేనా అని అడిగారు. విజయవాడలో ఇటువంటి కప్పే ఉన్న ఒక కళాశాల భవనం పనిని ఇంజినీరింగ్ విభాగం తరఫున పర్యవేక్షించాను. టెండరు పిలిచే ముందు ప్రతి దూలం కొసనూ గోడలో విప్పించి చూడండి. అప్పటివరకు శ్లాబు గురించిన చర్చ వాయిదా వేయవచ్చు.

టేకు దూలాల మీద ఇటుకలను నిలువంచుగా సున్నంతో పేర్చి, దానిపై ఇటుక కంకరతో సున్నపు కాంక్రీటు పరచి, దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచినదే మద్రాసు టెర్రస్ కప్పు. నీరు ఎక్కువగా దిగేది పిట్టగోడ కలిసే మూలలోనూ, వాన నీటి గొట్టం నోటి దగ్గరా. ఆ నీరు గోడలోకి ఇంకి, గాలి తగలకుండా బిగిసి ఉన్న దూలపు కొసను పుచ్చిపోయేలా చేస్తుంది. కింద నిలబడి చూసేవారికి మాత్రం రంగు వేసిన దూలం నిక్షేపంగా కనిపిస్తుంది. మేము సుత్తితో తట్టి, ఉలి గుచ్చి చూసినప్పుడు కొన్ని దూలాలకు గోడలోని జానెడు భాగం పొట్టులా రాలింది, మిగిలిన పొడవంతా మేకు దిగనంత గట్టిగా ఉంది. అటువంటి వాటికి సరుగుడు బాదులతో ఆసరా ఇచ్చి, పుచ్చిన కొసను కోసి, ఇరువైపులా ఇనుప చానళ్లు బోల్టులతో బిగించి తిరిగి గోడపై కూర్చోబెట్టాము. మొత్తం మార్చవలసి వచ్చినవి రావి మొక్కలు మొలిచిన పిట్టగోడ వైపు దూలాలే.

బరువు సంగతి కూడా లెక్క వేయించండి. కారిన ప్రతిసారీ ఎవరో ఒకరు పైన సిమెంటు పూత వేయించి ఉంటారు. అంగుళం మందం పూత చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు తూగుతుంది. మా కప్పు మీద అటువంటివి నాలుగు బయటపడ్డాయి. 10 సెంటీమీటర్ల శ్లాబు బరువు 250 కిలోలే కనుక, ఆ దూలాలు ఇన్నేళ్లుగా తమ సొంత కప్పుతో పాటు దాదాపు మరో శ్లాబును మోశాయన్నమాట. పైగా ఆ సిమెంటు, కిందికి దిగిన చెమ్మను పైకి ఆరనివ్వలేదు.

శ్లాబు వేయనే కూడదని నేను అనను. బాగా దెబ్బతిన్న ఒక గదికి మేమూ వేశాము. అయితే సున్నంతో కట్టిన గోడ మీద నేరుగా పోయడం వల్ల, ఎండకు శ్లాబు సాగి ముడుచుకుంటూ, రెండో వేసవికే గోడ పైవరుస వెంబడి పగులు తీసింది. ముందే గోడ చుట్టూ కాంక్రీటు బెల్టు వేసి, దానికీ శ్లాబుకూ మధ్య జారుడు పొర పరిచి ఉండవలసింది. మే నెలలో ఆ గదిలో కూర్చోలేమని అధ్యాపకులు ఇప్పటికీ నాతో అంటారు.

మేము చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. గుత్తేదారు ఏప్రిల్‌లో కప్పంతా ఒకేసారి విప్పుతుంటే వారించలేదు. మే చివర ఒక రాత్రి గాలివానకు టార్పాలిన్లు లేచిపోయి, కింద అల్మరాలలోని పాత రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. ఒక గది మూసిన తరువాతే మరొకటి విప్పాలన్న షరతును ఒప్పందంలోనే రాయించండి. సంక్రాంతి కాగానే మొదలుపెడితే జూన్ వానలకు ముందు సున్నం గట్టిపడే వ్యవధి దొరుకుతుంది. తుపానులు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలలో కప్పు తెరవనే వద్దు.

సున్నానికి మీకు పిడుగురాళ్ల దగ్గరే, అందులో కలిపే కరక్కాయకూ బెల్లానికీ లోటుండదు. దిమ్మిస పని తెలిసిన మేస్త్రీ కుదిరిన తరువాతే తేదీ ఖాయం చేయండి. మాకు ఆ మనిషిని వెతకడానికే రెండు నెలలు పట్టింది.