ఫ్లై ఫిషింగ్ సామానుకి ఏ బ్యాగు? నేనైతే నడుం బ్యాగే అంటా

మీరడిగింది ఇదీ కదా: గుంటూర్లో ఉంటున్నారు, కొత్తగా ఫ్లై రాడ్ (ఈకలూ దారాలతో పురుగులా కట్టిన తేలికపాటి ఎర, అదే ఫ్లై, దాన్ని విసిరే కర్ర) కొన్నారు, ఆదివారాలు స్కూటీ మీద కాలవలకీ కృష్ణ ఒడ్డుకీ వెళ్దామనుకుంటున్నారు, ఏడాదికోసారి హిమాచల్ వైపు ట్రౌట్ చేపలకి కూడా పోవాలని ఉంది, సామానుకి వెస్ట్ (జేబుల కోటు) కొనాలా, చెస్ట్ ప్యాకా (ఛాతీ మీద కట్టుకునేది), స్లింగా (ఒక భుజానికి వేసి వీపు మీదకి తిప్పుకునేది), నడుం బ్యాగా అని. నేనుండేది బెజవాడ సింగ్‌నగర్లో, ఈ పిచ్చి పట్టి ఏడేళ్ళయింది, ఈ ఏడేళ్ళలో మూడు బ్యాగులు మార్చా, కాబట్టి డబ్బులు తగలేసినవాడి మాటగా వినండి. ముందే చెప్పేస్తా, నా ఓటు నాలుగైదు లీటర్ల నడుం బ్యాగుకే, అది కూడా భుజం మీదుగా ఇంకో పట్టీ ఉన్నదానికి. ఎందుకో చెప్తే కాస్త పొడుగవుద్ది, టీ పెట్టుకుని చదవండి.

మొదట నా దగ్గరున్నది వెస్ట్. కొలరాడోలో ఉండే మా పెద్దనాన్నగారబ్బాయి తన పాతది ఇచ్చేశాడు, లెక్కపెడితే 18 జేబులు. అక్కడ తొడల్లోతు చల్లటి నీళ్ళలో దిగి నిలబడి పట్టుకుంటారు, సామానంతా నీటికి పైన ఛాతీ మీద ఉంటది, చలికి ఓ పొర కూడా, కాబట్టి వాళ్ళకది సరిగ్గా సరిపోద్ది. దాన్ని తెచ్చి మే నెలలో సీతానగరం వైపు వేసుకుని నిలబడితే పొద్దున ఏడున్నరకే బనీను పిండుకోవాల్సొచ్చింది. పైగా అది ఖాకీ. ఓసారి కొమ్మమూరు కాలవ కట్టేసిన రోజుల్లో అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో వేద్దామని గట్టు మీద నడుస్తుంటే ఓ రైతు సైకిలాపి "సార్, కాలవకి నీళ్ళెప్పుడు వదుల్తారు సార్, నారు పోసుకోవాల" అన్నాడు. నేను ఇరిగేషనోణ్ణి కాదు బాబాయ్, చేపలకొచ్చా అంటే నా జేబుల వంక ఓసారి, రాడ్ వంక ఓసారి చూసి "గాలానికి ఇన్ని జేబులెందుకయ్యా" అనుకుంటా పోయాడు. ఆ రోజు నాకు కాస్త ఉక్రోషమొచ్చింది గానీ ఆయనన్నదాంట్లో తప్పేం లేదు.

రెండోది స్లింగ్, పది లీటర్లది, వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే ఇంకో వెయ్యి ఎక్కువ పెట్టి మరీ కొన్నా. స్లింగ్ గురించి చాలామంది గొప్పగా చెప్తారు, రాడ్ విసిరే చెయ్యి ఖాళీగా ఉంటది, కావాల్సినప్పుడు వీపు మీంచి ముందుకి లాక్కుంటే చాలు అని, అది నిజమే. కానీ పది లీటర్ల ఖాళీ కనపడితే మనం ఊరుకోం. ఒక బాక్సు, ఇంకో బాక్సు, రెయిన్ కోటు, ఎందుకైనా మంచిదని ఇంకో రీలు. బరువంతా ఒక్క భుజం మీదే, మూడు గంటలయ్యేసరికి ఎడం భుజం లాగేసేది, ఇంటికొచ్చాక మా ఆవిడ జండూబామ్ రాస్తూ "చేపలు నీ భుజమెక్కాయా ఏంటి" అనేది (చేపలేమో ఒక్కటీ ఉండేది కాదు, అది వేరే సంగతి).

అప్పుడు చేసిన పనే మిమ్మల్నీ చెయ్యమంటా, బ్యాగు కొనకముందే. డాబా మీద పేపరు పరిచి లోపలున్నదంతా బోర్లించా. ఫ్లై బాక్సులు మూడు, టిప్పెట్ (ఫ్లైకి ముడేసే సన్న దారం) చుట్టలు ఎనిమిది, స్పేర్ రీలు, నెయిల్ కట్టర్ రెండు, ఫోర్సెప్స్ (చేప నోట్లోంచి హుక్కు తీసే పట్టకారు) రెండు, ఒకటి తుప్పుతో బిగుసుకుపోయి నోరు తెరవట్లా, మూత ఊడిన ఫ్లోటెంట్ (ఫ్లై మునక్కుండా రాసే జెల్), ఎప్పుడో పెట్టి మర్చిపోయిన వేరుశెనగ చిక్కీ, అది చీమలకి సొంతమైపోయింది. కిచెన్ తూకం మీద పెడితే మూడు కిలోల పైనే. అందులో గత నాలుగైదు ట్రిప్పుల్లో చెయ్యి పెట్టింది ఏంటి అని విడిగా తీస్తే ఒక బాక్సు, రెండు టిప్పెట్లు, ఒక కట్టరు, ఒక ఫోర్సెప్స్, రెండు లీడర్లు (లైనుకీ టిప్పెట్‌కీ మధ్య కట్టే దారం), అంతే, ఏడొందల గ్రాములు. మీరు కొనాల్సింది ఈ చిన్న కుప్పకి, ఆ పెద్ద కుప్పకి కాదు. కొత్తవాళ్ళు కాబట్టి మీ కుప్ప ఇంకా చిన్నగానే ఉంటది.

ఆ స్లింగ్ కథ 2024 సెప్టెంబర్లో ముగిసింది. బుడమేరు మా ఇంట్లోకొచ్చింది, బ్యాగు కింద అరలో ఉంది, పైకి పెట్టాలని తట్టలేదు, ఆ రోజు ఎవరికి తట్టుద్ది, పిల్లల్ని, సిలిండర్ని పైకెక్కించడమే సరిపోయింది. నీళ్ళు తీశాక జిప్పు తెరిచి చూస్తే లోపల బురదనీళ్ళు అలాగే నిలవున్నాయి, వాటర్‌ప్రూఫ్ కదా, దూరిన నీళ్ళని బయటకి పోనివ్వలేదు. హుక్కులన్నీ ఫోమ్‌కి తుప్పుతో అతుక్కుపోయినయ్. వరద సంగతి వదిలేసినా మామూలు రోజుల్లో కూడా ఇదే తంతు. మన దగ్గర గాల్లోనే తేమ, తడిసిన ఫ్లై తీసి బాక్సులో పెట్టి, ఆ బాక్సుని గాలాడని బ్యాగులో పెట్టి జిప్పేస్తే వారంలో తుప్పు. అందుకే వాటర్‌ప్రూఫ్ బ్యాగుకి ఎక్కువ పెట్టొద్దంటా. వాటి జిప్పులు కూడా గట్టిగా ఉంటాయి, రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో రాడ్ ఉన్నవాడికి రెండో చెయ్యి ఎక్కడిది. మామూలు నైలాన్ బ్యాగు తీసుకుని ఫోనూ బండి తాళాలూ ఒక జిప్‌లాక్ కవర్లో పడేయండి, ఇంటికి రాగానే ఫ్లై బాక్సు మూత తెరిచి ఫ్యాన్ కింద పెట్టండి.

ఇక నడుం బ్యాగే ఎందుకంటే, చెస్ట్ ప్యాకూ వెస్టూ నీళ్ళలో దిగేవాళ్ళ కోసం పుట్టినయ్. మనం కృష్ణలో దిగం, దిగకూడదు కూడా, ఇసక గుంతలు ఎక్కడున్నాయో పైకి తెలీదు, కాలవల్లో అయితే అడుగంతా ఒండ్రు, కాలు పెడితే మోకాలి దాకా పోద్ది. గట్టు మీదో ఘాట్ మెట్ల మీదో నిలబడి వేస్తాం, కాబట్టి నడుం దగ్గరున్న బ్యాగు తడిచే ప్రశ్నే లేదు. చెస్ట్ ప్యాక్ ఛాతీ మీద ఎత్తుగా ఉండి కింద మెట్టు కనపడనివ్వదు, నాచు పట్టిన మెట్ల మీద అది ప్రమాదం. నడుం బ్యాగుని వెనక్కి తిప్పేసుకుంటే ముందంతా ఖాళీ, వీపుకి గాలాడుద్ది.

ముందు ఖాళీగా ఉండటం ఎందుకంత ముఖ్యమో ఫ్లై వేసేవాడికే తెలుస్తది. మామూలు గాలంలో సీసం గుండో ఎర బరువో దారాన్ని లాక్కుపోద్ది, ఇక్కడ ఫ్లైకి బరువే ఉండదు, బరువంతా లైన్‌దే, అంటే లావుపాటి దారందే. అందుకే లైన్ చేత్తో లాగి కాళ్ళ దగ్గర వదుల్తాం, మళ్ళీ విసిరేటప్పుడు అది సర్రున పైకి లేస్తది, అప్పుడు పొట్ట దగ్గర ఏ బకిల్ ఉన్నా, వేలాడే కట్టర్ ఉన్నా, ఊరికే ఊగే పట్టీ చివర ఉన్నా దానికి చుట్టుకుంటది. కొన్న రోజే పట్టీల చివర్లు మడిచి రబ్బరు బ్యాండో టేపో వేసేయండి. (పనిలో పని, కరెంటు తీగల కింద మాత్రం ఎప్పుడూ విసరొద్దు, కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పాస్ అవుద్ది.)

షాపులో మొదట చూడాల్సింది జిప్పు. బ్యాగు తెరిస్తే ముందు భాగం బయటికి పడి చిన్న బల్లలాగా నిలబడాలి, అప్పుడు ఫ్లై దాని మీద పెట్టుకుని ముడేసుకోవచ్చు. పూర్తిగా కిందకి పడిపోయేదైతే వంగగానే బాక్సు కాలవలోకి జారుద్ది, నాది ఒకటి అలాగే పోయింది, అది మునగలేదు కూడా, తేలుకుంటా గుర్రపుడెక్కలోకి పోతుంటే చూస్తా నిలబడ్డా. జిప్పు లాగే రన్నర్లు ప్లాస్టిక్‌వైతే మేలు. హంసలదీవి, సూర్యలంక వైపు పండుగప్ప అంటూ పోయారంటే ఉప్పుకి మెటల్ రన్నర్ బిగుసుకుపోద్ది, ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడిగి కొవ్వొత్తి రుద్దితే కొన్నాళ్ళు నడుస్తది. ఇంకోటి, పక్కన లీటరు సీసా పట్టే జాలీ ఉందో లేదో చూడండి, మన ఎండలకి నీళ్ళ సీసా లేని బ్యాగు నాకైతే లెక్కలోకి రాదు, నాలుగైదు లీటర్లన్నది కూడా సీసా బయట పెట్టుకుని వేసిన లెక్కే.

లోపల ఎంత మందం బాక్సు పడుద్దో కొలుచుకోండి, ఇది అందరూ మర్చిపోతారు. ట్రౌట్ ఫ్లైలు చిన్నవి, పలచటి బాక్సు చాలు, చొక్కా జేబులో కూడా పడుద్ది. మనకి ఇక్కడ దొరికేది కొర్రమీను, దానికి వేసేది కప్పలాంటి బొద్దు ఫ్లై, పాపర్ (నీళ్ళ మీద తేలుతూ చప్పుడు చేసే ఎర), ఇవి నొక్కేస్తే పాడైపోతాయి, చిన్న టిఫిన్ బాక్సంత లోతు కావాలి. కొర్రమీను గాలి కోసం పైకొస్తది కదా, తూటాకు సందులో బుడగ లేచిన చోట వెంటనే వెయ్యాలి, అప్పుడు బాక్సు కోసం తడుముకుంటే ఛాన్స్ పోయినట్టే. ఎర్రటి పిల్లల గుంపు పైన తిరుగుతుంటే మాత్రం కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు, వాటి జోలికి పోకండి, పిల్లలన్నీ జిలేబి చేపల పాలవుతాయి. టిప్పెట్లు రెండే పెట్టుకోండి, కొర్రమీను పళ్ళకి మందం నైలాన్ ఒకటి, జిలేబి, బేడిసలకి 4ఎక్స్ ఒకటి. ఆ నంబర్లు చూసి కంగారు పడొద్దు, 11 లోంచి నంబరు తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తది, 4ఎక్స్ అంటే 7 వెయ్యో వంతులు, నంబరు పెరిగేకొద్దీ సన్నం.

హిమాచల్ సంగతి. అక్కడి తీర్థన్ నదిలో రెండుసార్లు వేశా, ముందు అక్కడి ఫిషరీస్ వాళ్ళ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. అక్కడ నీళ్ళలో దిగక తప్పదు, మంచునీళ్ళు, కాళ్ళు జివ్వున లాగేస్తాయి. భుజం పట్టీ ఉన్నది కొనమన్నది ఇందుకే, తొడ దాటి దిగాల్సొస్తే నడుం బెల్టు వదులు చేసి బ్యాగుని పట్టీతో చంక కిందకి ఎత్తి కట్టుకుంటా. పూర్తి సుఖంగా ఉండదు, అయినా ఏడాదిలో నాలుగు రోజుల కోసం ఇంకో బ్యాగు కొనేంత అవసరం నాకైతే కనపళ్ళేదు.

స్కూటీ డిక్కీలో మాత్రం ఈ బ్యాగు పెట్టకండి. ఎండలో ఆగిన బండి డిక్కీ కుంపటిలా ఉంటది, జెల్ ఫ్లోటెంట్ నీళ్ళయిపోయి బాక్సంతా జిడ్డు, నాకు జరిగింది, నైలాన్ టిప్పెట్ కూడా వేడికి పాడవుద్ది. రాడ్ ట్యూబు బ్యాగు కింద పట్టీలకి అడ్డంగా కట్టుకునే మోడళ్ళుంటాయి, తొమ్మిదడుగుల నాలుగు ముక్కల రాడ్ అయితే ఒక్కో ముక్క 27 అంగుళాలు, ట్యూబు 30 దాకా వస్తది, దాన్ని అలా అడ్డంగా కట్టుకుని బెంజ్ సర్కిల్లో దూరితే ఒక ఆటో అద్దానికి తగిలి ఆ డ్రైవరు అన్నమాటలు ఇక్కడ రాయలేను. నిలువుగా వీపుకి కట్టుకోండి, లేదంటే కాళ్ళ మధ్య నిలబెట్టుకోండి.

బ్రాండ్ చెప్పమన్నారు, నా దగ్గరున్నది ఏ ఫిషింగ్ కంపెనీదీ కాదు, ట్రెక్కింగ్ వాళ్ళ నడుం బ్యాగు, పద్దెనిమిదొందలు పడింది. వన్‌టౌన్లో బ్యాగులు బాగుచేసే తాత దగ్గరికి తీసుకెళ్ళి ఫోర్సెప్స్‌కి ఒక పక్క చిన్న గొట్టంలాంటి జేబు, రెండు రింగులు, పాత స్లింగ్ నుంచి ఊడదీసిన భుజం పట్టీ కుట్టించా, నూట యాభై తీసుకున్నాడు. మీ గుంటూర్లో కూడా కుట్టేవాళ్ళకి కొదవేం ఉండదు.

కొనేటప్పుడు మీ ఫ్లై బాక్సూ నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళి షాపులోనే నింపి చూడండి. నడుముకి కట్టుకుని వంగండి, గొంతుక్కూర్చోండి, చెయ్యి వెనక్కీ ముందుకీ విసరండి. నేనలా చేస్తుంటే కౌంటర్లో కుర్రాడు కాసేపు చూసి "స్పిన్నా సార్, పేసా" అన్నాడు. కొర్రమీను అన్నా. బిల్లు కొట్టేదాకా మళ్ళీ నోరెత్తలా.