పనిముట్ల పెట్టె నింపుకోబోతున్న మేనల్లుడికి

సికింద్రాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన పనిముట్ల జాబితాను రెండు రోజులు దగ్గర పెట్టుకొని చదివాను. విశాఖలోని కొత్త ఫ్లాటులో ఒక గదిని పనికి కేటాయించుకొని, ముందు పుస్తకాల బీరువా, ఆ తరువాత మీ అమ్మకు ఉయ్యాల బల్ల నీ చేతులతో చేయాలనుకుంటున్నావని తెలిసి నాకు చాలా సంతోషమైంది. 34 ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి, ఉద్యోగం ముగిసిన తరువాత మా నాన్నగారి వడ్రంగం వైపు మళ్లినవాడిని కనుక, ఈ జాబితా మీద నాకు కొన్ని అభిప్రాయాలు ఉన్నాయి. అందులో బ్యాటరీ పనిముట్లకు బాష్ ఉంది, మకిటా ఉంది, డివాల్ట్ ఉంది, కొయ్యను నునుపు చేసే స్టాన్లీ చిత్రిక ఉంది, టపారియా స్పానర్లు ఉన్నాయి. సానరాయి మాత్రం లేదు. కాబట్టి సానరాయితోనే మొదలుపెడతాను.

దుకాణం నుంచి వచ్చిన ఉలి ఎంత పేరున్న కంపెనీదైనా పనికి సిద్ధంగా ఉండదు. దాని వీపు, అంటే ఏటవాలు లేని చదును వైపు, మరలో రుద్దిన గీతలతో ఉంటుంది. ముందుగా ఆ వీపును, కొనకు దగ్గరగా ఉన్న అంగుళం మేరనైనా, రాయి మీద అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు, కానీ ఆ ఒక్కసారికీ ఒక సాయంత్రమంతా పడుతుంది. తరువాత ఏటవాలును 25 డిగ్రీల దగ్గర సరిచేసి, చివరి సన్నని అంచును మాత్రం 30 డిగ్రీల దగ్గర నూరుకోవాలి. 1000 నంబరు రాయి మీద నూరుతూ పోతే అంచు వెనుక వెంట్రుక వంటి సన్నని పొర ఒకటి వేలికి తగులుతుంది. ఆ పొర అంచు పొడవునా తగిలినప్పుడే నూరడం పూర్తయిందని తెలుసుకో. అప్పుడు 6000 నంబరు వంటి నునుపు రాయి మీద ఇటూ అటూ తేలికగా రుద్ది దానిని తీసివేయాలి. పదును కుదిరిందా లేదా అన్నది చేతి వెంట్రుకల మీద చూడవద్దు. మెత్తని కొయ్య ముక్క తీసుకొని, పోగులు తెగి కనిపించే చివర మీద ఉలిని నొక్కి చూడు. పోగులు నలగకుండా నున్నగా తెగితే ఉలి సిద్ధమైనట్లే.

ఉలిని కరెంటు గ్రైండరు మీద పెట్టి తొందరగా ముగించాలనిపిస్తుంది. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు పాయనం, అంటే కాచి చల్లార్చి తెచ్చిన గట్టిదనం, పోయినట్లే, ఆ మేరకు మెత్తబడిన ఉక్కును అరగదీసి పారవేయడం తప్ప వేరే దారి లేదు. గ్రైండరు తప్పనిసరైతే పక్కన నీళ్ల గిన్నె పెట్టుకొని, క్షణానికోసారి ముంచుతూ పట్టు.

పాయనం మాట వచ్చింది కనుక ఒక విషయం చెప్పాలి. నా పెట్టెలో స్టాన్లీ ఉలులున్నాయి, ఒక జర్మను ఉలి కూడా ఉంది. అయినా గట్టి తుమ్మ కొయ్యలో బెజ్జం కొట్టాల్సి వచ్చినప్పుడు నా చేయి మా నాన్నగారి ముప్పావు అంగుళం ఉలి మీదికే వెళుతుంది. మా ఊరి కమ్మరి పాత లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాచి, సాగగొట్టి, పాయనం పట్టి ఇచ్చిన ఉలి అది. దాని మీద ఏ పేరూ లేదు. ఈ మాట చెప్పడం బ్రాండ్లను తక్కువ చేయడానికి కాదు. మంచి కమ్మరి దొరకని చోట ప్రతి ఉలీ ఒకే నాణ్యతతో ఉంటుందని నమ్మకం ఇచ్చేది మంచి బ్రాండే, దానికి మనం డబ్బు ఇవ్వడం న్యాయం. ఆ నమ్మకం ఏ పనిముట్టులో ఎక్కువ అవసరమో, ఎక్కడ తక్కువైనా సరిపోతుందో నీకు తెలియాలన్నదే నా కోరిక. జాబితాలో ప్రతి వస్తువుకూ ఒకే ఉత్సాహంతో ఖరీదైన పేరు రాశావు. కొయ్యను తాకే అంచుకూ, కొలతను చెప్పే పనిముట్టుకూ ముందు ఖర్చు పెట్టు. మిగిలినవి నెమ్మదిగా వస్తాయి.

కొలత పనిముట్ల విషయంలో పేరును మాత్రమే నమ్మవద్దు, దుకాణంలోనే పరీక్షించు. మూలమట్టాన్ని తిన్నని అంచున్న ప్లైవుడ్ ముక్కకు ఆనించి సన్నని పెన్సిలుతో ఒక గీత గీయి. దానినే తిరగేసి అదే చోట ఇంకో గీత గీయి. రెండు గీతలూ ఒకటైతే తీసుకో, చివర విడిపోతే వదిలెయ్యి. స్పిరిట్ లెవెల్‌ను బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడ ఆగిందో చూసి, అటుది ఇటు తిప్పి మళ్లీ అక్కడే పెట్టు. బుడగ అదే చోట ఆగాలి. ఇక్కడి రాణిగంజ్ దుకాణాల్లో ఈ పరీక్షలు చేస్తూ నిలబడితే దుకాణదారులు విసుక్కోలేదు సరికదా, లోపలి నుంచి మంచి సరుకు తెచ్చి చూపించేవారు.

స్టాన్లీ చిత్రిక కోరుకున్నావు, చాలా మంచి ఎంపిక. ఆ కంపెనీ 1843లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో మొదలైంది. మనం ఈనాడు వాడే ఇనుప చిత్రిక నమూనా లియొనార్డ్ బెయిలీ అనే ఆయనది. 1869లో స్టాన్లీ ఆయన హక్కులను కొనుక్కొంది. బ్లేడు వెనుక ఉండే ఇత్తడి చక్రాన్ని తిప్పితే బ్లేడు లోతు మారడం, పైనున్న మీటను పక్కకు జరిపితే బ్లేడు వాలు సరికావడం ఈ చిత్రికలోని గొప్పతనం. మా నాన్నగారి కొయ్య చిత్రికలో ఆ సర్దుబాటంతా సుత్తితో తట్టి చేసుకోవలసి వచ్చేది. జాబితాలో 4 నంబరు, 5 నంబరు రెండూ రాశావు. ముందు 5 నంబరు ఒక్కటే తీసుకో. అది 14 అంగుళాల పొడవు ఉంటుంది కనుక ఎగుడుదిగుడు పలకను తిన్నగా చేస్తుంది, పదును బాగుంటే నునుపు కూడా చేస్తుంది. 4 నంబరు పొట్టిది, చివరి నునుపుకే ప్రత్యేకమైనది.

జపాను రంపం అడిగావు. అది లాగేటప్పుడు కోస్తుంది. లాగినప్పుడు పలక బిగిసి ఉంటుంది కనుక దానిని చాలా పలుచగా చేయగలుగుతారు, కోత సన్నగా వస్తుంది. తోసేటప్పుడు కోసే రంపం వంగిపోకుండా మందంగా ఉండాలి. జపాను రంపాన్ని తప్పక కొనుక్కో, కానీ తోసే అలవాటుతో దానిని పట్టుకుంటే మొదటి రోజే పలక మడతపడుతుంది.

పట్టకార్లు, స్పానర్లు, స్క్రూడ్రైవర్ల విషయంలో టపారియా అని రాసిన నీ నిర్ణయం సరైనది. నాసిక్‌లో తయారవుతాయి, 1969లో ఒక స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో తయారీ మొదలుపెట్టారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న 8 అంగుళాల పట్టకారు ఇప్పటికీ నా దగ్గర ఉంది, దవడలు నేటికీ సరిగ్గా కలుస్తాయి. జర్మనీవారి నిపెక్స్ పట్టకారు చేతిలోకి తీసుకుంటే దాని అందం వేరు, అది నేను ఒప్పుకుంటాను. అయితే ఇంటి పనికి ఆ తేడా కోసం అంత ఖర్చు ఇప్పుడే అక్కర్లేదు. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన షాకు కొట్టదని అనుకోవద్దు. 1000 వోల్టుల గుర్తు ముద్రించి ఉంటేనే దానిని కరెంటు పనికి తగినదిగా భావించు, అప్పుడు కూడా మెయిన్ ఆపి పనిచెయ్యి.

ఇక కరెంటు పనిముట్లు. కరెంటు చేతిడ్రిల్లును మొదట జర్మనీలో 1895లో ఫైన్ అనే కంపెనీ తయారు చేసింది. పిస్తోలు పిడి, వేలితో నొక్కే మీట ఉన్న రూపానికి 1917లో బ్లాక్ అండ్ డెకర్ వారు పేటెంటు పొందారు. నువ్వు కొనే ప్రతి డ్రిల్లూ ఆ రూపంలోనే ఉంటుంది. నీ జాబితాలో మూడు కంపెనీల బ్యాటరీ పనిముట్లు ఉన్నాయి. ఇదొక్కటి మాత్రం నా మాట విని మార్చుకో. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ యంత్రంలో సాధారణంగా పట్టదు. అంతెందుకు, బాష్‌లోనే వృత్తిపనివారి కోసం చేసే నీలం రంగు యంత్రాల బ్యాటరీ, ఇళ్లలో వాడేవారి కోసం చేసే ఆకుపచ్చ యంత్రాల్లో సాధారణంగా పట్టదు. బ్యాటరీ పనిముట్లలో ఖర్చంతా బ్యాటరీలోనే ఉంటుంది కనుక, ముందు ఒక కంపెనీని ఎంచుకొని, రెండు బ్యాటరీలు, ఒక చార్జరు తీసుకొని, ఆ తరువాత యంత్రాలు ఒక్కొక్కటిగా చేర్చుకో.

డివాల్ట్ మీద 20 వోల్టులని, మకిటా మీద 18 వోల్టులని చూసి మొదటిది బలమైనదని రాశావు. రెండూ ఒకటే. రెండింటిలోనూ వరుసగా కలిపిన లిథియం సెల్లులు ఐదు. నిండుగా చార్జి చేసినప్పుడు సెల్లుకు 4 వోల్టులని లెక్కవేస్తే 20, పనిచేస్తున్నప్పటి సగటు 3.6 లెక్కన 18. నాకు మకిటా అంటే మక్కువ, ఆ సంగతి దాచను. 1915లో నగోయాలో మోటార్ల అమ్మకం, మరమ్మతులతో మొదలై, 1958లో కరెంటు చిత్రికతో పనిముట్ల తయారీలోకి వచ్చిన కంపెనీ అది. దాని యంత్రం చేతిలో కుదురుగా కూర్చుంటుంది. కానీ నా మక్కువను బట్టి నువ్వు కొనవద్దు. విశాఖలో ఏ కంపెనీ సర్వీసు కేంద్రం నీకు దగ్గరగా ఉందో, కార్బన్ బ్రష్షులు, ఆర్మేచరు, స్విచ్చి వంటి విడిభాగాలు ఎవరివి వెంటనే దొరుకుతాయో రెండు దుకాణాల్లో అడిగి, దానిని బట్టి ఎంచుకో.

ఉయ్యాల కొక్కేల కోసం స్లాబులో రంధ్రాలు చేయాలి. నువ్వు రాసిన ఇంపాక్ట్ డ్రిల్లు ఇటుక గోడకు సరిపోతుంది కానీ కాంక్రీటుకు సరిపోదు. అందులో రెండు పళ్ల బిళ్లలు ఒకదానిపై ఒకటి రాసుకొని చిన్న చిన్న కుదుపులు ఇస్తాయి, అంతే. రోటరీ హామరులో పిస్టను గాలిని నొక్కి, ఆ ఒత్తిడితో లోపలి ముద్దను బిట్టు మీదికి విసురుతుంది. అందుకే అది నువ్వు బలంగా నొక్కకుండానే కాంక్రీటులోకి దిగుతుంది. రెండు రంధ్రాల కోసం ఆ యంత్రాన్ని కొనవద్దు, ఒక రోజుకు అద్దెకు తెచ్చుకో. రంధ్రం ఎక్కడ వేయాలో, ఏ బోల్టు వాడాలో మాత్రం ఇంజనీరుకు చూపించి నిర్ణయించు, ఎందుకంటే అక్కడ వేలాడేది మనుషుల బరువు.

ఇనుమును కోసే, అరగదీసే యాంగిల్ గ్రైండరు గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను, ఓపికగా చదువు. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. లెక్క వేస్తే దానికి బిగించే వీల్, అంటే కోసే బిళ్ల, అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతూ ఉంటుంది. నా చిన్నతనపు తొందరలో ఒకసారి, మూలకు అందడం లేదని వీల్‌ను కప్పి ఉంచే గార్డు విప్పి, కాలిబాట మీద కొన్న పేరులేని కటింగ్ వీల్ బిగించి ఇనుప కోణాన్ని కోశాను. వీల్ మూడు ముక్కలైంది. ఒక ముక్క నా కనుబొమ్మ మీద తగిలింది, ఆ మచ్చను నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేవాడివి. కళ్లద్దాలు ఉన్నందున కన్ను మిగిలింది. అప్పటి నుంచి కుమి, నార్టన్ వంటి పేరున్న కంపెనీల వీల్ తప్ప వేరేది బిగించలేదు. వీల్ మీద రాసిన చుట్ల పరిమితి యంత్రం వేగం కన్నా ఎక్కువ ఉందా, నడుమ ఉన్న లోహపు రింగు మీద గడువు తేదీ దాటిందా అన్నవి ప్రతిసారీ చూడు. చెక్క కోయడానికి పళ్ల బ్లేడును గ్రైండరుకు బిగించడం మన ఊళ్లలో పనివారు చాలామంది చేస్తారు. పళ్లు కొయ్యలో చిక్కుకున్న క్షణంలో యంత్రం చేతిలో నుంచి ఎగిరి వెనక్కి వస్తుంది. నువ్వు ఎన్నడూ చేయనని నాకు మాట ఇవ్వాలి. తిరిగే యంత్రాల దగ్గర వదులు చొక్కా, లుంగీ, చేతికి దారాలు ఉండకూడదు. డ్రిల్లు పట్టేటప్పుడు చేతి తొడుగులు కూడా వద్దు, బిట్టుకు చుట్టుకుంటే చేతిని లాక్కుపోతుంది.

గుండ్రని పళ్ల బ్లేడుతో చెక్క కోసే సర్క్యులర్ సా ఈ ఏడాదికి వాయిదా వెయ్యి. బీరువాకు కావలసిన 8 అడుగుల ప్లైవుడ్ షీటును, కోత యంత్రమున్న దుకాణంలో కొలతలిచ్చి కోయించుకో. మిగిలిన డబ్బుతో క్లాంపులు కొనుక్కో. జిగురు పట్టించిన అతుకును రాత్రంతా బిగించి ఉంచడానికి ఆరైనా కావాలి, నీ జాబితాలో ఒక్కటీ లేదు.

మీ ఊరి సముద్రపు గాలికి ఇనుము వారంలోనే తుప్పు పడుతుంది. పని ముగియగానే ప్రతి పనిముట్టునూ పొడిగుడ్డతో తుడిచి, మిషను నూనె పలుచగా రాసి, మూత ఉన్న పెట్టెలో పెట్టు. వంటనూనెలు చాలావరకు కొంతకాలానికి జిగురుగా మారతాయి కనుక అవి రాయవద్దు. మా నాన్నగారు పెట్టెలో ఒక కర్పూరం బిళ్ల వేసి ఉంచేవారు. నేనూ వేస్తాను.

ఇప్పుడు నువ్వు ముందుగా కొనవలసినవి: రెండు రాళ్లు, నాలుగు ఉలులు, మూలమట్టం, 5 నంబరు చిత్రిక, రంపం, ఒక డ్రిల్లు, క్లాంపులు. బీరువా మొదలుపెట్టిన తరువాత ఏది లేక పని ఆగిందో నాకు రాయి, తరువాత కొనవలసింది అదే. దసరాకు అక్కను తీసుకొని రా. ఆయుధపూజకు నా పనిముట్ల పక్కన నీవి కూడా పెడదాం. వచ్చేటప్పుడు నువ్వు స్వయంగా పదును పెట్టిన అరంగుళం ఉలిని గుడ్డలో చుట్టి తీసుకురా. పూజ అయ్యాక పెరట్లో టేకు ముక్క మీద దానినీ, తాతయ్య ఉలినీ పక్కపక్కనే పట్టి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య