న్యూయార్క్ నర్సింగ్ హోముల్లో కోవిడ్ మరణాలకు ఎవరైనా జవాబు చెప్పారా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 2020 మార్చిలో న్యూయార్క్ ప్రభుత్వం ఇచ్చిన ఆ ఒక్క ఉత్తర్వు వల్లే నర్సింగ్ హోముల్లో అంతమంది పోయారా, దానికి ఎవరికైనా శిక్ష పడిందా అని. రెండోదానికి జవాబు తేలికే, పడలేదు. మొదటిదానికి కాస్త చెప్పాలి. నేను లాంగ్ ఐలాండ్‌లో ఒక నర్సింగ్ హోములో ఫిజికల్ థెరపిస్టుని. అప్పుడూ అక్కడే పని చేస్తున్నాను.

మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే కాన్పుకో అపెండిక్స్ ఆపరేషన్‌కో వెళ్లే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ అర్థం వేరు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక నాలుగు వారాలుండి నడక తిరిగి నేర్చుకుని పోయేవాళ్లూ, ఇంకెక్కడికీ వెళ్లలేక చివరిదాకా ఉండిపోయేవాళ్లూ ఒకే చూరు కింద ఉంటారు. మా దగ్గర గదికి ఇద్దరు, మంచాల మధ్య ఒక గుడ్డ కర్టెన్. అంతే అడ్డం.

మార్చి 13న బయటివాళ్లను లోపలికి రానివ్వడం ఆపేశారు. మార్చి 25న రాష్ట్ర ఆరోగ్య శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. కోవిడ్ ఉందనో, అనుమానమనో ఆ ఒక్క కారణంతో ఎవరినీ చేర్చుకోమని అనకూడదు. ఆసుపత్రి వాళ్లు నిలకడగా ఉందని పంపిస్తే, చేర్చుకునే ముందు టెస్టు చేయించమని అడగనూ కూడదు. ఆ రెండో ముక్క చదివి మా నర్సింగ్ డైరెక్టరు కాగితం టేబుల్ మీద బోర్లా పెట్టేసి లేచి వెళ్లిపోవడం నాకింకా గుర్తుంది. ఆసుపత్రుల్లో మంచాలు చాలవన్న భయం నిజమే, కాదనను. కానీ వెయ్యి పడకలతో మార్చి 30న మన్‌హాటన్‌కు వచ్చిన నేవీ ఆసుపత్రి ఓడ కంఫర్ట్, మొత్తం 182 మందిని చూసి వెళ్లిపోయింది.

నా దగ్గర ఒక పెద్దావిడ ఉండేది, ఎనభై నాలుగేళ్లు, తుంటి ఆపరేషన్. వాకర్ వెనక కాళ్లకు టెన్నిస్ బంతులు తొడిగి కారిడార్లో అరవై అడుగులు నడిచేది. ఇంకో పది రోజుల్లో ఇంటికి. ఏప్రిల్ మొదటి వారంలో కర్టెన్ అవతలి మంచానికి ఆసుపత్రి నుంచి ఒకావిడను తెచ్చారు, రాత్రి పూట, టెస్టు లేదు. వారం తిరక్కుండా ఈవిడకు జ్వరం. కూతురు రోజూ వచ్చి కిటికీ బయట పూలమొక్కల్లో నిలబడి ఫోన్లో మాట్లాడేది. లోపల ఫోన్ పట్టుకునే పని నాది. ఒకరోజు అంబులెన్సులో పంపించాం. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది.

ఇక్కడిదాకా చదివి ఉత్తర్వే చంపిందని మీరనుకోవచ్చు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను, అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది కాబట్టి. అదే వారంలో ఒక పొద్దున కాఫీ వాసన తెలియలేదు నాకు. మాకు టెస్టులు లేవు. ఒక్క ఎన్95 మాస్కుని పేరు రాసిన బ్రౌన్ పేపర్ సంచిలో దాచుకుని అయిదు రోజులు వాడేవాళ్లం. గౌన్లు అయిపోతే ప్లాస్టిక్ వానకోట్లు ఇచ్చారు. ఆవిడ నడుముకు బెల్టు కట్టి పట్టుకుని నడిపించింది నేనే. జబ్బు కర్టెన్ అవతలి నుంచి వచ్చిందా, నా చేతుల మీదుగా వచ్చిందా, ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

ఈ అనుమానాన్నే ప్రభుత్వం డాలులా వాడుకుంది. జులై 6న ఆరోగ్య శాఖ ఒక నివేదిక ఇచ్చింది. లక్షా యాభై ఎనిమిది వేల మంది సిబ్బందిలో 37,500 మందికి, అంటే నలుగురిలో ఒకరికి వైరస్ సోకింది, హోముల్లోకి తెచ్చింది ప్రధానంగా వాళ్లే, ఉత్తర్వు కాదు అని. అందులో నిజం లేకపోలేదు. మరి ఆ సిబ్బందికి మాస్కులు, టెస్టులు ఎవరివ్వాలి? ఆసుపత్రుల నుంచి పంపిన కోవిడ్ రోగులు 6,326 మంది అని ఆ నివేదికలో రాశారు. 2021 ఫిబ్రవరిలో చూస్తే తొమ్మిది వేలు దాటారు. మే 10న ఆ ఉత్తర్వును వెనక్కి తిప్పి, నెగటివ్ వస్తేనే పంపాలన్నారు. తప్పు లేకపోతే తిప్పడం దేనికి?

నా దృష్టిలో ఉత్తర్వు కంటే పెద్ద తప్పు లెక్క. హోములో మంచం మీద పోతేనే నర్సింగ్ హోము మరణం, అంబులెన్సెక్కి ఆసుపత్రిలో పోతే ఆ పట్టికలో లేదు. మా పెద్దావిడ ఆ లెక్కన మా దగ్గర చనిపోలేదు. ఎంపైర్ సెంటర్ అనే సంస్థ 2020 ఆగస్టులోనే పూర్తి వివరాలు అడిగింది (మన ఆర్టీఐ లాంటి చట్టమే ఇక్కడా ఉంది). ఇవ్వలేదు, కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2021 జనవరి 28న అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్, మరణాలను సగం దాకా తక్కువ చూపించి ఉండొచ్చని నివేదిక ఇచ్చారు. అదే రోజు సాయంత్రానికి ఆరోగ్య శాఖ 3,829 మరణాలు కలిపి మొత్తం 12,743 అంది. అన్నాళ్లూ దొరకని లెక్క ఒక్క పూటలో దొరికింది! మర్నాడు గవర్నర్ ఆండ్రూ క్యూమో, ఆసుపత్రిలో పోయారా నర్సింగ్ హోములో పోయారా ఎవరికి కావాలి, పోయారు కదా అన్నారు. 2022 మార్చిలో రాష్ట్ర కంప్ట్రోలర్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే అధికారి) ఆడిట్ కనీసం 4,100 మరణాలు లెక్కలోకి రాలేదని తేల్చింది.

ఎవరికి కావాలో నాకు తెలుసు. 2021 ఫిబ్రవరిలో హోముల వారీగా పట్టిక బయట పెట్టినప్పుడు ఆ కూతురు నాకు ఫోన్ చేసి, మా అమ్మ ఏ గడిలో ఉంది అని అడిగింది. ఇద్దరం ఫోన్లో ఉండగానే వెతికాం. బయట మరణించినవారు అనే గడిలో ఉంది.

శిక్షల సంగతికొస్తే, 2020 ఏప్రిల్ మొదట్లో బడ్జెట్ బిల్లులో కలిపి హోములకూ ఆసుపత్రులకూ కోర్టు కేసుల నుంచి రక్షణ ఇచ్చేశారు, మార్చి 7 నుంచే వర్తించేలా. 2021 ఏప్రిల్లో దాన్ని పూర్తిగా ఎత్తేసేసరికి ఏడాది గడిచింది. ఆ కూతురు వెళ్లిన లాయరు మొదట్లోనే పెదవి విరిచాడట. క్యూమో 2021 ఆగస్టులో రాజీనామా చేసింది లైంగిక వేధింపుల ఆరోపణల మీద, దీని మీద కాదు. 2024 అక్టోబరులో కాంగ్రెస్ సబ్‌కమిటీ, ఆ జులై నివేదికలో తన పాత్ర గురించి ఆయన అబద్ధం చెప్పారంటూ న్యాయ శాఖకు రాసింది, ఆయన కాదన్నారు. 2025లో న్యూయార్క్ మేయర్‌గా నిలబడి ఓడిపోయారు, అంతే. ఇంగ్లండ్‌లో మాత్రం, తండ్రులను పోగొట్టుకున్న ఇద్దరు స్త్రీలు కేసు వేస్తే, 2022 ఏప్రిల్ 27న హైకోర్టు అక్కడి డిశ్చార్జి విధానం (రోగులను ఆసుపత్రుల నుంచి హోములకు పంపిన పద్ధతి) చట్టవిరుద్ధమని చెప్పింది. లక్షణాలు లేనివాళ్ల నుంచి సోకుతుందన్న ప్రమాదాన్ని పట్టించుకోలేదని. ఇక్కడ ఒక జడ్జి నోట ఆ మాత్రం మాట కూడా రాలేదు.

మారింది ఒకటుంది. 2022 నుంచి న్యూయార్క్‌లో ఒక్కో వృద్ధుడికి రోజుకు కనీసం మూడున్నర గంటల నర్సింగ్ సేవ ఉండాలని చట్టం. మీవాళ్లనెవరినైనా హోములో చేర్చాల్సి వస్తే, ఆ రోజు ఎంతమంది నర్సులు, ఎయిడ్‌లు (నర్సులకు సాయంగా ఉండేవాళ్లు) ఎన్ని గంటలు పని చేస్తున్నారో రాసిన కాగితం అందరికీ కనబడే చోట ఉంటుంది, ఉండి తీరాలి. మొత్తం గంటలను ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించి చూడండి. ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి, సోమవారం పొద్దున కాదు.