థాన్‌హ్వా: మేడి నుంచి బ్రహ్మకమలం దాకా

ప్రశ్న: కొద్దిసేపే నిలిచే అందానికి చైనావారు 'థాన్‌హ్వా' అనే పువ్వును పోలికగా చెబుతారని చదివాను. అది మన ఇళ్ళలో రాత్రిపూట పూసే బ్రహ్మకమలమేనా? ఆ మాట ఎలా పుట్టింది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఊహ నిజమే. నేటి చైనాలో థాన్‌హ్వా అంటే, మనవాళ్ళు కుండీలో పెంచుకుని, పూసిన రాత్రి ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించే ఆ తెల్లని పువ్వే. (హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు.) కాక్టస్ కుటుంబానికి చెందిన ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. దీని పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుని తెల్లవారేసరికి వాడిపోతుంది.

అయితే ఆ మాట చైనాకు ఈ మొక్క కంటే ఎంతో ముందే చేరింది. వెళ్ళింది మన దేశం నుంచే. 'హ్వా' అంటే పువ్వు. 'థాన్' అన్నది, సంస్కృతంలోని 'ఉదుంబర' శబ్దాన్ని ధ్వనిని బట్టి చైనా లిపిలో రాసుకున్న పొడవైన రూపంలోంచి మిగిలిన ఒక్క అక్షరం. గౌతముని పేరును పాత గ్రంథాల్లో రాసినప్పుడు కూడా వారు ఇదే అక్షరాన్ని వాడారు. ఉదుంబరమంటే మన మేడి. మేడి పువ్వులు కాయ లోపలే దాగి ఉంటాయి కనుక, మాను నిండా కాయలు విరగకాసినా పువ్వు ఎవరి కంటా పడదు. అది మూడు వేల ఏళ్ళకొకసారి పూస్తుందని బౌద్ధులు చెప్పుకోవడానికి కారణం బహుశా ఇదే కావచ్చు. క్రీ.శ. 406లో బౌద్ధ భిక్షువు కుమారజీవుడు చైనా భాషలోకి అనువదించిన సద్ధర్మపుండరీక సూత్రమనే బౌద్ధ గ్రంథంలో, బుద్ధుని ఉపదేశం లభించడం ఉదుంబర పుష్పం కనిపించడమంత అరుదైన విషయమని ఉంది. అక్కడి పోలిక దుర్లభత్వానికే గాని క్షణికత్వానికి కాదు.

'థాన్‌హ్వా ఈ షియెన్', అంటే 'థాన్ పువ్వు ఒక్కసారి కనిపించడం' అనే నానుడికి మూలం ఆ వాక్యమే. కాలక్రమంలో 'ఒక్కసారి' కాస్తా 'ఒక్క క్షణం'గా మారింది. ఒక్క రాత్రే నిలిచే పువ్వుకు ఆ పేరు స్థిరపడడంతో కొత్త అర్థమే బలపడింది. ఇప్పుడు దీన్ని మెరుపులా వచ్చి మాయమైన కీర్తి గురించి నిట్టూర్పుతో అంటారు గనుక, ఎవరినైనా అభినందిస్తూ వాడడం తగదు.

నాకు మాత్రం పాత అర్థం మీదే మక్కువ ఎక్కువ. బౌద్ధ గ్రంథాలను తెలుగు చేసేవారు ఈ మాట ఎదురైన చోట 'క్షణికం' అని రాయకుండా 'మేడి పువ్వులా దుర్లభం' అని రాస్తే, మూలానికీ న్యాయం జరుగుతుంది, మన పాఠకులకూ సులువుగా అర్థమవుతుంది.