సారా కేసులో శిక్ష పడితే అప్పీలు ఎలా?

ప్రశ్న: మా ఇంటి వెనుక కొట్టంలో 20 లీటర్ల నాటుసారా దొరికిందని 2024 చివర్లో ఎక్సైజ్ వారు నా భర్తపై కేసు పెట్టారు. మేజిస్ట్రేటు కోర్టు రెండేళ్ల జైలుశిక్ష, జరిమానా విధించి, అప్పీలు చేసుకొనేందుకు నెల రోజులు బెయిలుపై విడిచిపెట్టింది. ఇప్పటికి పది రోజులైంది. జరిమానా కట్టినందున నేరం ఒప్పుకున్నట్టేననీ, అప్పీలుకు వెళితే శిక్ష పెరుగుతుందనీ ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ఆ రెండు మాటలూ నిజం కావు. జరిమానా చెల్లించినంత మాత్రాన అప్పీలు హక్కు పోదు. కోర్టులో మీ భర్త స్వయంగా నేరం ఒప్పుకొన్నందువల్ల శిక్ష పడి ఉంటే మాత్రం, శిక్ష పరిమాణం మీద, దాని చట్టబద్ధత మీద తప్ప వాదించడానికి ఉండదు. అలా కానప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 415వ సెక్షన్ కింద మొత్తం తీర్పునే సెషన్స్ కోర్టులో సవాలు చేయవచ్చు. శిక్ష చాలదని ప్రభుత్వం విడిగా అప్పీలు చేస్తే తప్ప, మీ అప్పీలులో ఆ కోర్టు శిక్షను పెంచజాలదు.

నాకు ఆందోళనగా ఉన్నది గడువు గురించే. తీర్పు నాటి నుంచి 30 రోజుల్లో అప్పీలు దాఖలు కావాలి. తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టిన నాటి నుంచి అది సిద్ధమయ్యే వరకు పట్టిన రోజులను మినహాయిస్తారు గానీ, సిద్ధమయ్యాక తీసుకోవడంలో మీరు చేసిన జాప్యాన్ని మినహాయించరు. నకలు మీది కోర్టు ముద్రలో ఆ తేదీలుంటాయి, ముందు వాటిని చూసుకోండి. అప్పీలుతోపాటే 430వ సెక్షన్ కింద శిక్ష అమలు నిలిపివేతకు, బెయిలుకు పిటిషన్ వేయించాలి. ప్రస్తుత బెయిలు ముగిసేలోగా సెషన్స్ కోర్టు ఉత్తర్వు రాకపోతే ఆయన జైలుకు వెళ్లవలసి వస్తుంది.

అప్పీలులో సాధారణంగా కొత్త సాక్ష్యం తీసుకోరు, ఉన్న రికార్డునే తిరిగి పరిశీలిస్తారు. సోదా జరిగిన చోటే నమూనా సీసాలకు సీలు వేసి, మధ్యవర్తుల (సోదాకు సాక్షులుగా పిలిచినవారి) సంతకాలున్న చీటీలు అంటించారా, రసాయన పరీక్షకు వెళ్లేదాకా ఆ సీసాలు ఎవరి అధీనంలో ఉన్నాయి, పరీక్ష నివేదికలో చెప్పిన సీలు అదేనా, కొట్టం మీ భర్త స్వాధీనంలోనే ఉందని రుజువైందా అన్న ప్రశ్నలకు సాక్ష్యంలో సరైన జవాబు లేని చోటే మీ వాదనకు బలం దొరుకుతుంది. మధ్యవర్తులు కోర్టులో మాట మార్చి ఎదురుతిరిగారన్న ఒక్క కారణంతో కేసు వీగిపోదు. అధికారుల సాక్ష్యం నమ్మదగినదైతే శిక్ష నిలుస్తుంది. కేసు పట్టిన అధికారే దర్యాప్తు కూడా చేశారన్న వాదన ఒక్కటే చాలదని 2020లో ముకేశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, కనుక దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కనీసం శిక్షనైనా తగ్గించాలన్న అభ్యర్థననూ అప్పీలులోనే చేర్చించండి.

ఫీజు డబ్బు సమకూరేదాకా ఆగకండి. ఎస్సీ, ఎస్టీల వంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితికి లోబడి, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు.