బరువుల రిజిస్టరు రాయబోయే అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ హెడ్మాస్టరు గారు హెల్త్ రిజిస్టరు నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. డ్రిల్లు మాస్టారుగా ఆ పుస్తకం నేనూ చాలా ఏళ్లు రాశాను. నిరుటి బరువుకి రెండు కేజీలు కలిపి నింపేసిన రిజిస్టర్లూ చూశాను. పేజీ తిప్పితే 25, 30, 35, అన్నీ రౌండు ఫిగర్లే. నువ్వలా రాయకు తల్లీ. ఒక్కసారి తూచిన బరువుతో పిల్లాడి సంగతి పూర్తిగా తెలీదు. ఏటా అదే నెలలో కొలిచి ఒకే వరసలో రాస్తేనే ఒళ్లు ఎటు పోతోందో తెలుస్తుంది.

వరండా నేల వాననీరు పోవడానికి వాటంగా ఉంటుంది, తూకం మిషను అక్కడ పెట్టకు. ముందు పది కేజీల తూకపురాయి పెట్టి చూసుకో. ఎత్తు కొలిచేటప్పుడు మడమలు గోడకి ఆనాలి, తలమీద మూలమట్టం పెట్టాలి, బూట్లు విప్పించాలి. బూట్లదేముందిలే అనుకోకు. పదేళ్ల కుర్రాడు 42 కేజీలు, 138 సెంటీమీటర్లు అనుకో. బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే 22 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలో ఆ వయసు మగపిల్లలకి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. అదే బూట్లతో 141 అని రాశావా, లెక్క 21.1కి దిగి వాడు ఊబకాయం జాబితాలోంచి జారిపోతాడు. పెద్దవాళ్లకి 22 మామూలే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పిల్లలకి వయసుని బట్టి, ఆడామగా తేడాని బట్టి గీత మారుతుంది. అందుకే పుట్టినతేదీ సర్టిఫికెట్ చూసి రాసుకో. బళ్లో వేసేటప్పుడు జూన్‌లో పుట్టినట్టు రాయించడం మన ఊళ్లలో మామూలేగా.

ఒక తప్పు నేను చేశాను, నువ్వు చెయ్యకు. ఓసారి ఏడో తరగతి పిల్ల బరువు అందరిలో పైకి చదివాను. వెనక బెంచీ నవ్వింది. తర్వాత రెండేళ్లూ ఆమె గడి ఖాళీ. కొలిచే రోజు ఆ పిల్ల బడికే రాలేదు. ఎవరి గురించి రాయాలో వాళ్లదే లేకుండా పోయింది. ఒక్కొక్కరినే లోపలికి పిలు, అంకె నోటితో అనకు.

గీత దాటినవాళ్లని పీహెచ్‌సీ డాక్టరు గారికి చూపించు. తల్లి వస్తే "బొద్దుగా ఉన్నాడు, దిష్టి పెట్టకండి" అంటుంది. వాదించకు, మూడేళ్ల వరస చూపించు. బరువు ఎంత వేగంగా పెరిగిందో, ఎత్తు ఎంత పెరిగిందో ఆమే చూసుకుంటుంది. అప్పుడు అడుగు, కాలవగట్టు మీద నడిచొచ్చే దూరానికి ఆటో ఎందుకని, సాయంత్రం చేతిలో ఏ ప్యాకెట్టు ఉంటోందని. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న మధ్యాహ్న భోజనంలో మాత్రం ఏ పిల్లకీ ముద్ద తగ్గించనివ్వకు. గుడ్డూ పప్పూ కాదమ్మా మన సమస్య.

గోడకి టేపు అంటించే రోజు కబురు చెయ్యి. నా పాత మూలమట్టం పట్టుకుని పొద్దున్న బస్సుకే వస్తాను.

మీ పెదనాన్న