పదేళ్లు షెడ్డులో ఉన్న 1986 సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్750: కొనేముందు ఏం చూడాలి?

ఇంగ్లండ్‌లో పదేళ్లుగా కదలని 86 మోడల్ బేరానికి వచ్చిందని, ఏం చూసుకోవాలని మీరు అడిగారు. పెయింటు, ఫెయిరింగు (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) తర్వాత చూడొచ్చు. ముందు ఆయిల్ చూడండి.

ఈ ఇంజన్‌కి నీళ్ల రేడియేటర్ లేదు. 749 సీసీ, నాలుగు సిలిండర్లు, 10,500 ఆర్‌పీఎం దగ్గర 100 హార్స్‌పవర్. ఆ వేడినంతా మోసేది గాలీ ఆయిలే. ఆయిల్ పంపులో ఒక భాగం బేరింగులకు అందిస్తే, రెండో భాగం సిలిండర్ హెడ్ మీద ధారగా పోస్తుంది. పిస్టన్ల అడుగున చల్లే జెట్లు వేరే ఉన్నాయి. అందుకే ఇందులో ఆయిల్ పాడైతే లూబ్రికేషన్‌తో పాటు కూలింగ్ కూడా పోయినట్టే.

బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ అద్దంలోకి చూడండి. మట్టం పై గీత దాటి ఉంటే మూత తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే సెల్ఫ్ నొక్కనివ్వొద్దు. పెట్రోల్ ట్యాప్‌లో డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగినా, కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్‌ని ఆపే సూది, అంటే ఫ్లోట్ నీడిల్, సరిగ్గా కూర్చోకపోయినా పెట్రోల్ సిలిండర్లోకి దిగి, రింగుల పక్కనుంచి ఆయిల్లో కలుస్తుంది. సిలిండర్ నిండి ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఇంజన్‌ని చేత్తో తిప్పి, లోపల ఉన్నది బయటికి వచ్చాకే ముందుకెళ్లాలి. ట్యాప్, నీడిళ్లు బాగుచేయకుండా ఆయిల్ మార్చడం దండగ, వారానికల్లా మళ్లీ అదే వాసన వస్తుంది.

ప్లగ్ గుంతల్లో ఆయిల్ నిలిచి ఉంటే రాకర్ కవర్ (ఇంజన్ పై మూత) లోపలి సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. చిన్న ఖర్చే, భయపడక్కర్లేదు. ఆయిల్ కూలర్ రెక్కలు వంగినా, మట్టి పట్టినా మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. దీనికి ఫ్యాన్ లేదు, గాలి ఆడకపోతే ట్రాఫిక్‌లోనే ఉడికిపోతుంది.

ఇక కార్బ్యురేటర్లు. మికుని 29 ఎంఎం ఫ్లాట్ స్లైడ్‌లు, అంటే గాలి దారిని తెరిచేది చదునైన పలక. కేబులే నేరుగా ఆ స్లైడ్‌ని లేపుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే గాలి ముందు దూసుకెళ్తుంది, పెట్రోల్ వెనకబడుతుంది, ఇంజన్ గుటక మింగినట్టు ఆగి లేస్తుంది. అది లోపం కాదు, దాని స్వభావం. కార్బ్యురేటర్లలో పెట్రోల్ జెట్లు మార్పించి డబ్బు పోగొట్టుకోకండి. ఐడ్లింగ్ నిలకడగా లేక పైకీ కిందికీ పోతుంటే మాత్రం ఇన్‌టేక్ రబ్బర్లనీ, వాటికీ హెడ్‌కీ మధ్య ఉన్న నాలుగు ఓ-రింగులనీ అనుమానించండి. విప్పి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన రింగు రిబ్బన్‌లా చదునైపోయి కనిపిస్తుంది. వైటాన్ (పెట్రోల్‌ని తట్టుకునే రబ్బరు) రకం కొత్తవి వేయించండి. కంపెనీ ఇచ్చిన ఎయిర్ బాక్స్ తీసేసి విడి ఫిల్టర్లు తగిలించి ఉంటే గట్టిగా బేరమాడండి. ఈ కార్బ్యురేటర్లని వాటితో దారికి తేవడం చాలా కష్టం.

టాపెట్లు, అంటే వాల్వుల సందు సరిచేసే స్క్రూలు, 16. ఒక్కో రాకర్ (వాల్వుని నొక్కే చిన్న చేయి) రెండు వాల్వులని నొక్కుతుంది కాబట్టి ఒక స్క్రూ సరిచేశాక పక్కదాన్నీ మళ్లీ కొలవాలి. చల్లటి ఇంజన్ మీదే.

మీది 86 కావడం మంచిదే. 85లో వేగం మీద బండి ఊగుతోందన్న మాట రావడంతో 86లో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) 25 ఎంఎం పొడవు పెంచారు. ఫ్రేమ్ నంబర్ జీఆర్75ఏతో మొదలవ్వాలి. అల్యూమినియం ఫ్రేమ్ కాబట్టి హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, హ్యాండిల్ తిరిగి ఆగే స్టీరింగ్ స్టాపర్ల దగ్గర నొక్కు ఉందేమో చూడండి. నొక్కు ఉంటే బండి గట్టిగా పడిందన్నమాటే, అలాంటిది నేనైతే వదిలేస్తాను.

టైర్లు ముందు 110/80-18, వెనక 140/70-18. గీతలు ఎంత లోతుగా ఉన్నా, పక్కన ముద్రించిన నాలుగంకెల తేదీ పదేళ్ల కిందటిదైతే వాటిమీద ఇంటిదాకా కూడా నడపొద్దు, వ్యాన్‌లో వేసుకురండి.